ఆ నీరు అక్కడిదేనా?

ఇతర గ్రహాల మీద నీటి జాడ, ప్రాణి జాడ గురించి ఈసారి విజయవాడ, గుంటూరు పరిసరాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్ని ఇవి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకటిగా ఇచ్చాం.

ప్రశ్న: 1868లో గుంటూరులో సూర్యగ్రహణం చూసినప్పుడే హీలియం జాడ దొరికిందని కాలేజీలో చెప్పారు. ఆ పరిశోధనకూ, ఇప్పుడు గ్రహాల మీద నీటిని వెతకడానికీ ఏమైనా సంబంధం ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

ఉంది, చాలా దగ్గరి సంబంధమే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి గుంటూరు వచ్చిన వాళ్లలో ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ ఒకరు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని స్పెక్ట్రోస్కోపులో విడదీసి చూశాడు. గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని అతనికి అక్కడికక్కడే తట్టింది. మర్నాడు చూశాడు కూడా. ఆ గ్రహణంలో పలువురు గమనించిన పసుపు గీత 587.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. సోడియం జంట గీతలకు (589.0, 589.6) పక్కనే ఉన్నా అది వాటిది కాదని తేలాక హీలియం కథ మొదలైంది. ఇంతవరకు మీ పాఠంలో ఉండే ఉంటుంది.

పాఠాల్లో తక్కువగా కనిపించేది దీనికి ముందు సంగతి. గుంటూరు రాకముందు జాన్సెన్ పట్టు పట్టిన విషయం నీటి ఆవిరే. సూర్యకాంతిలో కనిపించే నల్లని గీతల్లో కొన్ని సూర్యుడివి కావని, మన గాలిలోని నీటి ఆవిరి వల్ల ఏర్పడుతున్నాయని అతని వాదం. రుజువు కోసం 1866లో ప్యారిస్‌లోని ఒక గ్యాస్ కర్మాగారంలో 37 మీటర్ల పొడవున్న ఇనుప గొట్టాన్ని ఆవిరితో నింపి, ఒక చివర దీపాలు పెట్టి, రెండో చివర నుంచి స్పెక్ట్రోస్కోపుతో చూశాడు. ఆకాశంలో కనిపించిన గీతలే గొట్టంలోనూ కనిపించాయి. మరుసటి ఏడు ఇటలీలోని ఎట్నా పర్వతం ఎక్కి, అంగారకుడి కాంతిలోనూ నీటి ఆవిరి గీతలున్నాయని ప్రకటించాడు.

ఆ ప్రకటన నిలవలేదు. 1894లో అమెరికాలోని లిక్ అబ్జర్వేటరీలో కాంప్‌బెల్ అంగారకుడినీ చంద్రుడినీ ఆకాశంలో ఒకే ఎత్తులో ఉన్నప్పుడు చూసి పోల్చాడు. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి చంద్రకాంతిలో కనిపించే ఆవిరి గీతలన్నీ భూమివే. అంగారకుడిలో అంతకంటే ఒక్క పిసరైనా ఎక్కువ కనిపించలేదు. అంటే చూసిన ఆవిరంతా మనదే.

అసలు ఆవిరి 1963లో దొరికింది. మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోపుతో స్పిన్‌రాడ్, మ్యూంక్, కాప్లన్ వాడిన ఉపాయం డాప్లర్ మార్పు. అంగారకుడు మన నుంచి వేగంగా దూరమవుతున్న రోజులు చూసుకోవాలి. సెకనుకు 15 కిలోమీటర్ల వేగం ఉంటే 820 నానోమీటర్ల దగ్గరి గీత 0.04 నానోమీటర్లు ఎరుపు వైపు జరుగుతుంది. భూమి ఆవిరి గీత కదలదు, అంగారకుడిది పక్కకు వస్తుంది. అలా దొరికిన ఆవిరినంతా నీరు చేసి ఆ గ్రహం నేల మీద పరిస్తే మందం 14 మైక్రోమీటర్లు. వానాకాలంలో మన కోస్తా మీద గాలిలో ఉండే ఆవిరిని అలా పరిస్తే 5 సెంటీమీటర్లు, అంటే మూడు వేల రెట్లకు పైనే. ఇంత తడిలోంచి ఆ కాస్త ఆవిరిని చూడాలి. లద్దాఖ్‌లోని హాన్లేలో 4500 మీటర్ల ఎత్తున మన దేశం టెలిస్కోపులు పెట్టుకోవడానికి ఒక ముఖ్య కారణం అక్కడి పొడి గాలే.

ఈ రంగంలో ఏ వార్త చదివినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇక్కడే పుట్టింది: కనిపించిన గీత అక్కడిదా, దారిలో అంటుకున్నదా? కింది జవాబుల్లో చాలా వాటికి మూలం ఇదే.

ప్రశ్న: నీటి ఆవిరి గీతలను ఇంట్లో చేసుకున్న పరికరంతో చూడొచ్చా?
– పదో తరగతి విద్యార్థి, పటమట, విజయవాడ

చూడొచ్చు. మన గాలిలోని ఆవిరినే అనుకోండి. కావలసినవి: 25–30 సెంటీమీటర్ల పొడవున్న చెప్పుల అట్టపెట్టె, రెండు షేవింగ్ బ్లేడ్లు, ఒక రికార్డబుల్ డీవీడీ, నల్ల కాగితం, నల్ల టేపు. పెద్దవాళ్లెవరైనా పక్కన ఉండి బ్లేడ్ల పని చేయాలి.

డీవీడీని కత్తెరతో ముక్క చేసి అంచున గోటితో తెరిస్తే రెండు పొరలుగా విడిపోతుంది. మెరిసే పూతను టేపుతో లాగేసి, మిగిలిన ఊదారంగును స్పిరిట్‌తో కడిగితే పారదర్శకమైన ముక్క మిగులుతుంది. డిస్కు మీది సన్నని గాళ్లు (గాడులు) దాదాపు తిన్నగా ఉండే చోటు, అంటే బయటి అంచు దగ్గరి ముక్కే తీసుకోండి. పెట్టె ఒక చివర రెండు బ్లేడ్లను 0.1–0.2 మిల్లీమీటర్ల సందుతో ఎదురెదురుగా అంటించండి. రెండో చివర ముక్కను గాళ్లు సందుకు సమాంతరంగా ఉండేలా పెట్టండి. డీవీడీ గాళ్ల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు కాబట్టి పసుపు రంగు దాదాపు 53 డిగ్రీల పక్కకు వంగుతుంది. సూటిగా చూస్తే ఏమీ కనబడదు, బాగా పక్కకు చూడాలి. సీడీ అయితే 22 డిగ్రీలే వంగుతుంది, కానీ రంగులు దగ్గరదగ్గరగా వచ్చి సన్నని గీతలు కలిసిపోతాయి.

సందును సూర్యుడి వైపు ఎట్టి పరిస్థితిలోనూ తిప్పకూడదు. సాయంత్రం దిగంతానికి దగ్గరి ఆకాశం వైపు తిప్పండి. అక్కడ కాంతి మన గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది. పసుపులో సోడియం గీత దొరికాక, దానికి ఎరుపు వైపున 598 నానోమీటర్ల దాకా మసకగా ఒక పట్టీ కనిపిస్తుంది. అది నీటి ఆవిరిది. జులైలో ఒకసారి, జనవరిలో ఒకసారి చూసి బొమ్మ గీసి పోల్చండి. వానాకాలంలో అది ముదురుగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ పట్టీని చూసి వాన వస్తుందా రాదా అని అంచనా వేసేవారు. గీతలు అసలే కనిపించకపోతే సందు వెడల్పైనట్టు. రంగుల మీద అడ్డంగా చారలు వస్తే బ్లేడు అంచున దుమ్ము ఉన్నట్టు.

ప్రశ్న: చంద్రయాన్-1 నీరు కనుక్కుందంటారు. మట్టిని తాకకుండా పైనుంచి ఎలా తెలిసింది? అది తాగే నీరేనా?
– పోస్టల్ ఉద్యోగి, మంగళగిరి

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-1లో నాసా ఇచ్చిన ఎం-క్యూబ్ అనే పరికరం ఉంది. చంద్రుడి మీద పడి వెనక్కి వచ్చే ఎండను 0.43 నుంచి 3 మైక్రోమీటర్ల దాకా విడదీసి కొలిచింది. ఆక్సిజన్, హైడ్రోజన్ జతకట్టిన చోట ఆ బంధం 2.8–3 మైక్రోమీటర్ల దగ్గర కాంతిని మింగుతుంది. ధ్రువాల వైపు ఆ మింగుడు స్పష్టంగా కనిపించింది. 2009 సెప్టెంబరులో ఫలితం వెలువడింది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మధ్యాహ్నం చంద్రుడి నేల వేడెక్కి తానే పరారుణ కాంతి వెదజల్లుతుంది, ఆ కాంతి 3 మైక్రోమీటర్ల గుంటను పూడ్చేస్తుంది. వేడిని లెక్కగట్టి తీసేయకపోతే ఉన్న నీరు లేనట్టు కనిపిస్తుంది. రెండోది ఇంకా పెద్దది: ఈ గుర్తు నీటికీ (హెచ్2ఓ), ఖనిజంలో ఇరుక్కున్న హైడ్రాక్సిల్‌కూ (ఓహెచ్) రెంటికీ వస్తుంది. విడదీయాలంటే 6.1 మైక్రోమీటర్ల దగ్గర చూడాలి. రెండు హైడ్రోజన్లున్న అసలు నీటి అణువే అక్కడ కాంతిని మింగుతుంది. ఆ కొలత సోఫియా అనే విమాన టెలిస్కోపు చేసింది. మన గాలిలోని ఆవిరిలో 99 శాతం కిందే ఉండిపోయేంత ఎత్తున ఎగురుతూ, క్లావియస్ బిలం దగ్గర నీటి అణువులున్నాయని 2020లో తేల్చింది. పరిమాణం పది లక్షల భాగాల్లో 100 నుంచి 412 భాగాలు. ఘనమీటరు మట్టిలో చిన్న సీసాడు నీళ్లన్నమాట. అది సీసాలో పట్టుకునే నీరు కాదు, మట్టి రేణువులకు అంటుకున్న అణువులు.

ఎండ ఎన్నడూ పడని ధ్రువ బిలాల కథ వేరు. 2009 అక్టోబరు 9న నాసా ఒక ఖాళీ రాకెట్ దశను కేబియస్ బిలంలో గుద్దించి, ఎగసిన ధూళిలో బరువు ప్రకారం సుమారు 5.6 శాతం నీరు చూసింది (అటూ ఇటూ 2.9 శాతం తేడాతో). చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ నేలలో 10 సెంటీమీటర్ల దాకా దించిన ఉష్ణమాపక కడ్డీ కొలతలు కూడా చూడండి. పైన 50 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు 10 డిగ్రీలు తక్కువ. అంత చిన్న లోతులో 60 డిగ్రీల తేడా వచ్చిందంటే, పై మట్టి వేడిని ఎంత బాగా ఆపుతోందో, మంచు నిలవడానికి నీడ ఎంత కీలకమో అర్థమవుతుంది.

ప్రశ్న: అంగారకుడి మీద నీరు ద్రవంగా ఎందుకు నిలవదో తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాలి. వాక్యూమ్ పంపు లేదు. దారి చెప్పండి.
– ఉపాధ్యాయుడు, తెనాలి

మాస్టారూ, సూది లేని 20 మిల్లీలీటర్ల సిరంజి చాలు. నీటిని ముందు పది నిమిషాలు మరిగించి 60 డిగ్రీలకు చల్లారనివ్వండి. 5 మిల్లీలీటర్లు పీల్చి, మూతి పైకి పెట్టి గాలి బుడగ పూర్తిగా బయటికి నెట్టేయండి. మూతిని రబ్బరు బిరడాతో గానీ, చేతి గ్లౌజు వేసుకున్న వేలితో గానీ గట్టిగా మూసి పిస్టన్‌ను వెనక్కి లాగండి. 60 డిగ్రీల నీటి ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో అయిదో వంతు. లోపలి పీడనం అక్కడికి దిగగానే నీరు తెర్లుతుంది. 70 డిగ్రీలు దాటిన నీరు వాడొద్దు, బిరడా జారితే చేయి కాలుతుంది.

పిల్లలు తప్పకుండా అడిగేది: ఆ బుడగలు నీటిలో కరిగిన గాలివి కావా? పిస్టన్ వదిలేయమనండి. ఆవిరి బుడగలైతే పూర్తిగా మాయమవుతాయి. గాలి బుడగైతే పైన చిన్నదిగా మిగిలిపోతుంది. ముందే మరిగించమన్నది ఆ గాలి పోవడానికే. మరిగించని నీటితో ఇంకోసారి చేసి తేడా చూపిస్తే ఇంకా మంచిది.

తర్వాత బోర్డు మీద రెండు అంకెలు రాయండి. అంగారకుడి సగటు గాలి పీడనం సుమారు 610 పాస్కల్, మనదగ్గర సుమారు 1,01,300. మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి ఉండగల బిందువు 611.7 పాస్కల్. సగటు పీడనం సరిగ్గా అంచు మీద ఉంది. అంతకంటే తక్కువ పీడనంలో మంచు కరగకుండా నేరుగా ఆవిరవుతుంది. 2008లో ఫీనిక్స్ ల్యాండర్ తవ్విన గుంటలో తెల్లని ముక్కలు నాలుగు రోజుల్లో అలాగే మాయమయ్యాయి. ఉప్పు అయితే అలా మాయం కాదు కాబట్టి అవి మంచేనని గుర్తుపట్టారు. బాగా లోతైన హెల్లాస్ లోయలో పీడనం దాదాపు రెట్టింపు. అక్కడ నీరు ఒక పూట ద్రవంగా ఉండగలదు గానీ 10 డిగ్రీలకే మరిగిపోతుంది.

ప్రశ్న: నీరు ఉందంటే ప్రాణం ఉన్నట్టేనా?
– గృహిణి, సత్తెనపల్లి

కాదమ్మా. నీటితో పాటు శక్తి వనరు, కార్బన్, నత్రజని, భాస్వరం, గంధకం కావాలి. ఆ నీరు వాడుకోదగ్గదిగా కూడా ఉండాలి. మీ ఆవకాయలో నీళ్లున్నా సూక్ష్మజీవులు పెరగకపోవడానికి ఒక పెద్ద కారణం, ఆ నీటిని ఉప్పు పట్టి ఉంచడం. దీన్ని వాటర్ యాక్టివిటీ అనే అంకెతో కొలుస్తారు. మంచినీటికి 1, ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీటికి 0.75. 0.6 కన్నా దిగువన పెరిగే జీవి దాదాపు లేదు. అంగారకుడి మట్టిలోని పెర్‌క్లోరేట్ లవణాలు నీటిని సున్నాకు 60 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టనివ్వవు. అంత చలిలో ద్రవంగా ఉండే ఆ చిక్కని ఉప్పునీటిలో మనకు తెలిసిన ప్రాణి ఏదీ పెరగజాలదు.

ప్రశ్న: మనమే ఇక్కడి నుంచి సూక్ష్మజీవులను మోసుకెళ్లి, అక్కడ దొరికాయని సంబరపడే ప్రమాదం లేదా? దాన్ని ఎలా ఆపుతారు?
– ల్యాబ్ టెక్నీషియన్, భవానీపురం, విజయవాడ

ఈ పని తీరు మీకు సులువుగా అర్థమవుతుంది. వ్యోమనౌక ఉపరితలాన్ని తడి స్వాబ్‌తో తుడిచి, ఆ స్వాబ్‌ను నీటిలో కదిపి, 80 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచుతారు. మామూలు కణాలు చచ్చి, గట్టి పొర లోపల నిద్రాణంగా ఉండే స్పోర్లే మిగులుతాయి. తర్వాత సూక్ష్మజీవులను పెంచే అగార్ జెల్లీ మీద పోసి 32 డిగ్రీల దగ్గర 72 గంటలు పెంచి కాలనీలు లెక్కపెడతారు. మామూలుగా అంగారకుడి మీద దిగే నౌక మొత్తం మీద 3 లక్షల స్పోర్లు, చదరపు మీటరుకు 300 మించకూడదని నియమం. ప్రాణిని వెతికే పరికరాలకు హద్దు ఇంకా కఠినం. 1976లో దిగిన వైకింగ్ ల్యాండర్లను పంపే ముందు 110 డిగ్రీలు దాటిన పొడి వేడిలో 30 గంటలకు పైగా ఉంచారు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. అగార్ మీద పెరగనిది లెక్కలోకి రాదు. శుభ్ర గదుల్లోనే బతకడం నేర్చిన సూక్ష్మజీవులున్నాయి. టెర్సికాకస్ ఫీనిసిస్ అనేది ముందు ఫ్లోరిడాలో ఫీనిక్స్ నౌకను సిద్ధం చేసిన గదిలో, తర్వాత ఫ్రెంచ్ గయానాలోని మరో ప్రయోగ కేంద్రం గదిలో దొరికింది. తినడానికి దాదాపు ఏమీ లేని చోట అది నెగ్గుకొచ్చింది. అందుకే డీఎన్ఏ పరీక్షలూ కలుపుతున్నారు.

రెండో రక్షణ మీ ల్యాబ్‌లో బ్లాంక్ నడపడం, అంటే నమూనా లేకుండా పరీక్ష చేసి చూడటం వంటిదే. అంగారకుడి మీది పెర్సివియరెన్స్ రోవర్‌లోని 43 నమూనా గొట్టాల్లో 5 సాక్షి గొట్టాలు. వాటిలో రాయి నింపరు. నమూనా తీసే చోటే తెరిచి మూసేస్తారు. రేపు రాతి గొట్టంలో ఏదైనా సేంద్రియ పదార్థం కనిపిస్తే, అదే సాక్షి గొట్టంలో కూడా ఉందేమో చూస్తారు. ఉంటే అది మనది.

అనుమానం ఎక్కువైనా నష్టమే. వైకింగ్ మట్టిని వేడిచేసి చూసినప్పుడు క్లోరోమీథేన్ కనిపించింది. ఇది భూమి మీద పరికరాలు కడిగిన ద్రావకం తాలూకు మిగులు అని కొట్టిపారేశారు. 2008లో ఫీనిక్స్ అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ ఉందని చూపింది. పెర్‌క్లోరేట్ ఉన్న మట్టిని సేంద్రియ పదార్థంతో కలిపి వేడిచేస్తే క్లోరోమీథేన్ పుడుతుందని తర్వాత ప్రయోగాల్లో తేలింది. అంటే 1976లో మన మురికి అనుకున్నది అక్కడి సేంద్రియ పదార్థం కాలిన ఆనవాలు కావచ్చు. పరికరమే మట్టిని వేడిచేసి, వెతుకుతున్న దాన్ని తగలబెట్టి ఉండవచ్చు. అందుకే ఇప్పుడు వేడి ఒక్కదాని మీదే ఆధారపడకుండా, ద్రావకాలతో సేంద్రియాలను వెలికితీసే పద్ధతులు కూడా రోవర్లలో పెడుతున్నారు.

ప్రశ్న: కె2-18బి అనే గ్రహం మీద ప్రాణి ఉందని టీవీలో చెప్పారు. నిజమేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

ఉందని తేలలేదు. సింహరాశి దిక్కున 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గ్రహం బరువు భూమికి 8.6 రెట్లు, వ్యాసం 2.6 రెట్లు. దాని ఏడాది మన 33 రోజులు. కేంబ్రిడ్జిలో పనిచేసే నిక్కు మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో 2023లో అక్కడ మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని చూపింది. వాటిలో మీథేన్ ఫలితం గట్టిది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన వార్త డైమిథైల్ సల్ఫైడ్ గురించి. భూమి మీద ఈ వాయువు ప్రధానంగా సముద్రపు సూక్ష్మ మొక్కల నుంచి వస్తుంది.

ఈ గ్రహం చరిత్రలోనే ఒక హెచ్చరిక ఉంది. 2019లో హబుల్ టెలిస్కోపు ఇక్కడ నీటి ఆవిరి చూసిందని ప్రకటించారు. హబుల్ చూసింది 1.4 మైక్రోమీటర్ల పట్టీ. అక్కడ నీరూ, మీథేనూ రెండూ కాంతిని మింగుతాయి. వెబ్ ఇంకా పొడవైన తరంగదైర్ఘ్యాల్లో చూసేసరికి ఆ గుర్తుకు మీథేనే కారణమని, నీటి గుర్తు స్పష్టంగా లేదని తేలింది.

2025 ఫలితం మూడు సిగ్మా స్థాయిది. ఆ వాయువు లేకపోయినా కేవలం కొలతల తొణుకు (నాయిస్) వల్ల అలాంటి గుర్తు రావడానికి అవకాశం 0.3 శాతం అని దాని అర్థం. 99.7 శాతం ప్రాణి ఉందని కాదు. ఈ తేడాను మీడియా తరచూ మింగేస్తుంది. ఆ 0.3 శాతం కూడా ఏ వాయువులను పోటీలో నిలబెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. అదే డేటాను వేరే బృందాలు వేరే పద్ధతుల్లో విశ్లేషిస్తే గుర్తు నిలవలేదు. మామూలుగా ఆవిష్కరణ అని పిలవడానికి అయిదు సిగ్మా కావాలి. ఇక డైమిథైల్ సల్ఫైడ్ నిజంగానే ఉన్నా పని పూర్తి కాదు. 67పి తోకచుక్క మీద, ఏ ప్రాణీ లేని చోట, అది కనిపించింది. ప్రయోగశాలలో వాయువుల మీద అతినీలలోహిత కాంతి పడేసి కూడా పుట్టించారు. ఈ గ్రహం మీద సముద్రం ఉందా, నేలే లేకుండా మందమైన హైడ్రోజన్ పొర కింద అంతా వేడి వాయువేనా అన్నది కూడా తేలలేదు. మీ జవాబు ఈ రెండు మెట్లు దాటాక దొరుకుతుంది.

ప్రశ్న: సౌర కుటుంబంలో వెతకాలంటే యూరోపా మేలా, ఎన్సెలాడస్ మేలా?
– రిటైర్డ్ లెక్చరర్, సూర్యారావుపేట, విజయవాడ

నీరు తెచ్చుకోవడానికి తవ్వనక్కరలేని చోటు ఎన్సెలాడస్. 500 కిలోమీటర్ల వ్యాసమున్న ఈ శని ఉపగ్రహం తన లోపలి సముద్రాన్ని దక్షిణ ధ్రువం పగుళ్ల నుంచి చిమ్ముతోందని కాసిని నౌక 2005లో చూసింది. 2015 అక్టోబరులో నేలకు 49 కిలోమీటర్ల ఎత్తున ఆ చిమ్మే ధారలోంచే దూసుకెళ్లింది. ఉప్పు, సన్నని సిలికా రేణువులు, హైడ్రోజన్ వాయువు, ఫాస్ఫేట్‌లు ఒకటొకటిగా తేలాయి. అలాంటి సిలికా ఏర్పడాలంటే నీరు దాదాపు 90 డిగ్రీల వేడిలో రాతిని తాకి ఉండాలి. మా ఓటు దీనికే. అయితే ముందు చేరేది గురుడి ఉపగ్రహమైన యూరోపాకు వెళ్లే నౌకే. 2024 అక్టోబరు 14న బయలుదేరిన యూరోపా క్లిప్పర్ 2030 ఏప్రిల్‌లో గురుడిని చేరి, రేడియేషన్ దెబ్బ తగ్గించుకోవడానికి ఆ ఉపగ్రహం చుట్టూ తిరగకుండా 49 సార్లు పక్కనుంచి దాటుతుంది.

ప్రశ్న: నా దగ్గర డీఎస్ఎల్ఆర్, 200 ఎంఎం ఎఫ్2.8 లెన్స్, స్టార్ ట్రాకర్ ఉన్నాయి. గుణదలలో మా డాబా మీద నుంచి వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహంలో నీటిని కనిపెట్టగలనా?
– ఫొటోగ్రాఫర్, విజయవాడ

నీటిని కనిపెట్టలేరు. గ్రహం తన నక్షత్రాన్ని దాటడాన్ని మాత్రం పట్టుకోగలరు. హెచ్‌డి 189733 బి గ్రహాన్నే తీసుకోండి. అది నక్షత్రం ముందు నుంచి వెళ్లేటప్పుడు వెలుగు 2.4 శాతం తగ్గుతుంది. దాని గాలిలోని నీటి ఆవిరి వల్ల 1.4 మైక్రోమీటర్ల దగ్గర అదనంగా తగ్గేది 0.02 శాతం. పైగా ఆ తరంగదైర్ఘ్యాన్ని మన గాలిలోని ఆవిరి దాదాపు పూర్తిగా మింగేస్తుంది. అందుకే అది అంతరిక్ష టెలిస్కోపుల పని. 2.4 శాతం మాత్రం మీ లెన్స్‌కు అందుతుంది.

హెచ్‌డి 189733 వెలుగు 7.7 మాగ్నిట్యూడ్. సజిట్టా రాశిలోని గామా నక్షత్రానికి మూడు డిగ్రీల ఉత్తరంగా ఎం27 నెబ్యులా ఉంది కదా, దానికి తూర్పున పావు డిగ్రీ. అక్టోబరు మొదట్లో రాత్రి ఏడింటికి విజయవాడ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది. గ్రహం నక్షత్రాన్ని దాటే ఆ గ్రహణం గంటా యాభై నిమిషాలు. గ్రహం 2 రోజుల 5 గంటల 15 నిమిషాలకొకసారి చుట్టి వస్తుంది కాబట్టి చాలా గ్రహణాలు పగలే జరుగుతాయి. తొమ్మిది చుట్లు కలిస్తే 20 రోజులకు 47 నిమిషాలు తక్కువ. ఒక రాత్రి మబ్బు పడితే ఇరవై రోజుల తర్వాత ముప్పావు గంట ముందు మళ్లీ ప్రయత్నించండి.

వాయుగుండాలతో అక్టోబరు పోతే హెచ్‌డి 209458 ఉంది, పెగాసస్ రాశిలో. తగ్గుదల ఒకటిన్నర శాతమే, గ్రహణం మూడు గంటలు. రెండు చుట్లకు 7 రోజుల 1 గంట 11 నిమిషాలు పడుతుంది. ఈ శనివారం రాత్రి 7కి మొదలైతే వచ్చే శనివారం 8.11కి. నవంబరు 20 దాటాక మాత్రం ఆలస్యంగా మొదలయ్యే రాత్రులు వదిలేయండి, చివరి గంటలో నక్షత్రం పడమట 30 డిగ్రీల కిందికి దిగిపోతుంది. కచ్చితమైన వేళలకు నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లో 16.5 ఉత్తరం, 80.6 తూర్పు ఇచ్చి, వచ్చిన యూటీసీకి అయిదున్నర గంటలు కలపండి. కెమెరా గడియారాన్ని ఫోనుతో సెకన్ల దాకా సరిచేయండి.

ఫొటోగ్రాఫర్లకు మింగుడుపడని నియమం ఒకటి: ఫోకస్ పదునుగా ఉండకూడదు. సెన్సర్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు వేరువేరు. చుక్క మరీ చిన్నగా ఉంటే ట్రాకర్ కాస్త కదిలినప్పుడల్లా వేరే రంగు గడి మీద పడి వెలుగు మారినట్టు కనిపిస్తుంది. చుక్క 8–12 పిక్సెళ్లకు పరుచుకునేలా ఫోకస్ వదులు చేయండి. అంతకు మించితే నగరపు ఆకాశపు వెలుగు దానిలో ఎక్కువగా కలుస్తుంది. ఐఎస్ఓ 200 లేదా 400, ఒక్కో ఫొటో 30 సెకన్లు, రా ఫార్మాట్, లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేసి. చుక్క అత్యధిక విలువ సెన్సర్ హద్దులో 70 శాతం దాటకుండా చూసుకోండి. గ్రహణానికి గంట ముందు మొదలుపెట్టి, ముగిశాక గంట దాకా ఆపొద్దు. ఆ రెండు గంటల చదును గీత లేకపోతే వెలుగు ఎంత తగ్గిందో కొలవలేరు. లెన్స్ మూత పెట్టి తీసే డార్క్ ఫ్రేములు 20, సమంగా వెలిగే తెల్లని తెర మీద తీసే ఫ్లాట్ ఫ్రేములు 20. కృష్ణ మీదుగా వచ్చే తేమకు అర్ధరాత్రికల్లా లెన్స్ మీద మంచు పడుతుంది, డ్యూ హీటర్ పట్టీ చుట్టండి.

సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆకుపచ్చ ఛానెల్ విడదీసి, ఆస్ట్రోఇమేజ్‌జె అనే సాఫ్ట్‌వేర్‌లో నక్షత్రం చుట్టూ వృత్తం గీసి వెలుగు కొలవండి. ఒకే ఫ్రేములో 7–9 మాగ్నిట్యూడ్ల మధ్య నాలుగైదు పోలిక నక్షత్రాలను పెట్టుకోండి. ముందు ఆ పోలిక నక్షత్రాలను ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. వాటిలో ఏదైనా ఊగుతుంటే తీసేయండి. ఒక్కో ఫొటోలో అర శాతం పైన తొణుకు ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. పది ఫొటోలకు ఒక సగటు తీస్తే 0.2 శాతం దగ్గరికి వస్తుంది.

గీత మొత్తం ఏటవాలుగా వస్తే నక్షత్రం కిందికి దిగే కొద్దీ గాలి మందం పెరిగినట్టు. ఎయిర్‌మాస్ సవరణ పెట్టండి. అన్ని నక్షత్రాలూ ఒకేసారి తగ్గితే పలచని మబ్బు. తగ్గుదల 2.4కు బదులు ఒక శాతమే వస్తే, మీరు గీసిన వృత్తంలో పక్క నక్షత్రం వెలుగు కూడా కలుస్తోందన్నమాట, లేదా ఆకాశపు వెలుగును తక్కువగా తీసేశారు. పాలపుంత ప్రాంతం కాబట్టి ఇది ఎక్కువగా జరుగుతుంది, వృత్తం చిన్నది చేసి మళ్లీ కొలవండి. గ్రహణం మధ్య క్షణం ఆర్కైవ్ చెప్పిన వేళకు అయిదు నిమిషాల లోపు పడితే ఆ కొలతను నాసా ఎక్సోప్లానెట్ వాచ్‌కు పంపవచ్చు. ఔత్సాహికుల కొలతలను వాళ్లు తీసుకుంటారు. పెద్ద టెలిస్కోపుల సమయం వృథా కాకుండా ఆ గ్రహణ వేళలను సరిచేసుకోవడానికి అవి నిజంగా వాడుకుంటారు.